సంగ్రహణిపై సమరం

ఒక కుటుంబానికి కలిగిన శోకం ఎందరికో ఔషధమైన వృత్తాంతం యల్లాప్రగడ సుబ్బారావు జీవితంలో ఉంది. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఆయన సోదరులిద్దరు కొద్ది దినాల వ్యవధిలో సంగ్రహణి వ్యాధికి బలయ్యారు. తరువాత అదే వ్యాధి సుబ్బారావునూ పీడించింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారు. మందు ప్రాణం నిలిపింది. వ్యాధి మూలం మాత్రం తెలియలేదు. ఆ జిజ్ఞాసతోనే ఆయన 1923లో ఉష్ణమండల వైద్యం అభ్యసించడానికి అమెరికాలోని హార్వర్డుకు వెళ్లారు.

సంగ్రహణి సోకినవారికి తిన్న అన్నం ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు. నోరు పూస్తుంది, రక్తం క్షీణిస్తుంది, దేహం శుష్కిస్తుంది. ఇందుకు కారణం చిన్నపేగు లోపలి పొరలో ఉంది. ఆ పొరమీద వేళ్లవంటి సూక్ష్మమైన చూషకాలు లక్షలాదిగా ఉంటాయి. ఆహారసారాన్ని గ్రహించి రక్తానికి అందించేవి అవే. వాటిని కప్పి ఉండే కణాల ఆయుర్దాయం మూడు నుంచి ఐదు రోజులే. చూషకాల మొదళ్ల వద్ద గల గుంటలలో కొత్త కణాలు పుట్టి, క్రమంగా పైకి జరిగి, కొనకు చేరి రాలిపోతాయి. పండుటాకు రాలిన చెట్టు చిగురు తొడిగినట్లు పేగు నిత్యం నూతనమవుతూ ఉంటుంది.

కణం రెండుగా చీలాలంటే ముందుగా తనలోని డి.ఎన్‌.ఎ.ను రెట్టింపు చేసుకోవాలి. ఆ పనికి ఫోలిక్‌ ఆమ్లం అవసరం. సంగ్రహణిలో చూషకాలు కురచబడి, ఫోలిక్‌ ఆమ్లం రక్తంలోకి చేరడం తగ్గుతుంది. అది చాలనందువల్ల కొత్త కణాలు సరిగా పుట్టవు. కణాలు పుట్టనందువల్ల పేగు మరింత బలహీనమవుతుంది. రోగి ఈ విషవలయంలో చిక్కుకుంటాడు.

1930 ప్రాంతంలో లూసీ విల్స్‌ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనతకు ఈస్టు సారం పనిచేస్తుందని గుర్తించింది. అందులో గుణమిచ్చిన పదార్థమేదో అప్పటికి తెలియదు. అది ఫోలిక్‌ ఆమ్లమని తరువాత తేలింది. హార్వర్డులో కండరాల శక్తికి సంబంధించిన పరిశోధనలతో ఖ్యాతి పొందిన సుబ్బారావు 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన నాయకత్వంలోని బృందం యకృత్తు నుంచి ఫోలిక్‌ ఆమ్లాన్ని వేరుచేసి, 1945లో కృత్రిమంగా తయారుచేసింది. దానిని పుచ్చుకున్న సంగ్రహణి రోగుల నోటిపూత మానింది. రక్తం వృద్ధి చెందింది.

పేగులో పెరిగే సూక్ష్మజీవులకూ ఈ వ్యాధిలో పాత్ర ఉందని అనంతర పరిశోధనలు తెలిపాయి. అందుకే ఫోలిక్‌ ఆమ్లంతోపాటు టెట్రాసైక్లిన్‌ వర్గపు మందును కూడా ఇస్తారు. ఆ వర్గంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్‌ డగ్గర్‌ కనుగొన్నది సుబ్బారావు పర్యవేక్షించిన ప్రయోగశాలలోనే.

1948 ఆగస్టులో సుబ్బారావు న్యూయార్కులో కన్నుమూశారు. స్వదేశానికి ఆయన మరలి రాలేదు. తన సోదరులను దక్కించుకోలేకపోయినా, ఆ వ్యాధి బారినుంచి ఎందరి సోదరులనో కాపాడే మార్గాన్ని ఆయన పరిశోధన చూపింది.

అర్థాలు
జిజ్ఞాస = తెలుసుకోవాలనే కోరిక
శుష్కించు = కృశించు
యకృత్తు = కాలేయం

ప్రశ్నలు
1. చిన్నపేగు నిత్యం ఎలా నూతనమవుతుందో వివరించండి.
2. సంగ్రహణి రోగి చిక్కుకునే విషవలయం ఏమిటి? ఫోలిక్‌ ఆమ్లం దానిని ఎలా ఛేదిస్తుంది?