చల్లని సీమ ద్రాక్ష – మంజీర తీరపు చెరకు

వైన్ అనగానే మనలో చాలామందికి సినిమాలో జమీందారు చేతిలోని గాజు గ్లాసు గుర్తుకొస్తుంది. దాన్ని తాగమని చెప్పడం గానీ, పొగడటం గానీ ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఒక పంట, అది పండే నేల, దాన్ని నమ్ముకున్న రైతు – ఈ మూడింటికీ గల సంబంధాన్ని తెలుసుకోవడానికి షార్డొనే అనే తెల్లద్రాక్ష చక్కని ఉదాహరణ. నేను వృక్షశాస్త్రం చదువుకున్నవాణ్ణి, పైగా మెదకువాణ్ణి. కనుక అక్కడి తోటను ఇక్కడి పొలంతో పోల్చి చూడకుండా ఉండలేను.

షార్డొనే పుట్టిల్లు

ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతం దీని పుట్టిల్లు. ఆ ప్రాంతంలో ఇదే పేరుగల చిన్న గ్రామం కూడా ఉంది. ఈ ద్రాక్ష తల్లిదండ్రులెవరో చాలాకాలం తేలలేదు. 1999లో అమెరికా, ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఏ. పరీక్షలు చేసి, ఒకటి పేరుప్రతిష్ఠలున్న పీనో అనీ, రెండోది అందరూ చిన్నచూపు చూసిన గ్వే బ్లాన్ అనీ నిరూపించారు. అంటే పెద్దింటికీ బీదింటికీ కుదిరిన సంబంధమన్నమాట! బిడ్డ మాత్రం ప్రపంచమంతా తిరిగింది.

చలి ఎందుకు?

ద్రాక్షలో ముఖ్యంగా రెండు ఆమ్లాలుంటాయి: టార్టారిక్ ఆమ్లం, మాలిక్ ఆమ్లం. కాయ పండేకొద్దీ చక్కెర పెరుగుతుంది, మాలిక్ ఆమ్లం తగ్గుతుంది. ఎందుకు తగ్గుతుంది? కాయ కూడా శ్వాసిస్తుంది. ఆ శ్వాసక్రియలో మాలిక్ ఆమ్లం ఖర్చయిపోతుంది. వేడి ఎక్కువైతే ఈ ఖర్చు ఎక్కువ. చల్లని సీమలో కాయ నెమ్మదిగా పండుతుంది, పులుపు మిగులుతుంది. చల్లని ప్రాంతపు షార్డొనేలో నిమ్మ, ఆకుపచ్చ ఆపిల్ రుచులు తోచడానికి కారణం ఇదే. వేడి సీమలో అదే ద్రాక్ష మామిడి, అనాస వాసనలిస్తుంది.

ఈ చలినీ వేడినీ కొలవడానికి 1944లో కాలిఫోర్నియాలో అమెరిన్, వింక్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక లెక్క చెప్పారు. రోజు సగటు ఉష్ణోగ్రతలో 10 డిగ్రీలు తీసేసి, మిగిలినదాన్ని ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, అంటే 214 రోజులకు, కూడాలి. మొత్తం సుమారు 1390 లోపు వస్తే అది అతి చల్లని తరగతి. మన మెదకు సగటును 27 డిగ్రీలనే వేసుకుందాం. 27లో 10 పోతే 17; దాన్ని 214తో గుణిస్తే 3638! ఇంకేం చెప్పాలి?

మరి మన ద్రాక్ష సంగతి?

మన దగ్గర ద్రాక్ష పండదని కాదు. హైదరాబాదు, రంగారెడ్డి, మెదక్ జిల్లాల్లో అనాబ్-ఎ-షాహీ ఎంతో పేరు పొందింది. చలిదేశాల్లో ద్రాక్షతీగ శీతకాలమంతా ఆకురాల్చి నిద్రపోతుంది. మన తీగకు నిద్ర లేదు. అందుకే రైతు ఏడాదికి రెండుసార్లు, వేసవిలో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరోసారి, కొమ్మలు కత్తిరించి ఒక్క పంట తీస్తాడు. ఇది తినే పండే గానీ పులుపు నిలుపుకొనే వైన్ పండు కాదు. నగరం పెరిగినకొద్దీ ఆ తోటల్లో చాలా భాగం ప్లాట్లయి పోయినవి.

తెలుగువాళ్లు వైన్ తయారీలోనూ అడుగుపెట్టారు. మన ఉమ్మడి జిల్లా బొంతపల్లిలో మందుల ఫ్యాక్టరీ ఉన్న గ్రాన్యూల్స్ సంస్థను స్థాపించిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు కర్ణాటకలోని హంపి కొండల ప్రాంతంలో ద్రాక్షతోట వేసి వైనరీ నెలకొల్పారు. అక్కడ పేరు తెచ్చుకున్నది వేడిని ఓర్చుకునే ఎర్రద్రాక్ష కాబర్నే సావిన్యాన్. నేలనుబట్టి పంట అన్న సూత్రమే అక్కడా పనిచేసింది.

మంచుతో పోరాటం

చల్లని సీమ షార్డొనేకు పెట్టింది పేరు బర్గండీ ఉత్తర భాగంలో ఉన్న షాబ్లీ. చలి ఇచ్చిన వరమే అక్కడ శాపం కూడా. వసంతంలో చిగురు వేశాక ఒక్క రాత్రి మంచు కురిస్తే ఏడాది పంట పోయినట్టే. తెగుళ్లు, యుద్ధాలు, మంచు అన్నీ కలిసి 1950 దశకం నాటికి అక్కడి తోటలు సుమారు 500 హెక్టార్లకు పడిపోయాయి. ఇప్పుడవి 5000 హెక్టార్లు దాటాయి.

మంచును ఆపిన ఉపాయాల్లో ఒకటి మన భౌతికశాస్త్ర పుస్తకంలోనే ఉంది. గడ్డకట్టే రాత్రి రైతు తీగలమీద నీళ్లు చల్లుతూ ఉంటాడు! వినడానికి వింతగా ఉన్నా, ప్రతి గ్రాము నీరూ గడ్డకట్టేటప్పుడు 80 కేలరీల గుప్తోష్ణం విడుదల చేస్తుంది. చల్లడం ఆపకుండా సాగితే చిగురు 0 డిగ్రీల దగ్గరే నిలిచి బతుకుతుంది.

పదిమంది కలిసిన వైనరీ

కోసిన ద్రాక్ష ఆగదు. పొద్దుగాల దించిన ఈత కల్లు ఎండెక్కేసరికి పులిసి పొంగడం మనకు తెలిసిందే. ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది, వేడి పుట్టిస్తుంది. ఆ వేడిని అదుపు చేయకపోతే సువాసన ఎగిరిపోతుంది. అందుకని చల్లబరిచే ఏర్పాటున్న స్టీలు తొట్లు కావాలి. తరవాత బాక్టీరియా చేత మాలిక్ ఆమ్లాన్ని మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మార్పించడమో, మానడమో తేల్చుకోవాలి. రెండెకరాల రైతుకు ఇదంతా ఎట్లా సాధ్యం? తక్కువ ధరకు వ్యాపారికి అమ్ముకోవడమే గతి.

అందుకే 1923లో షాబ్లీ రైతులు కలిసి లా షాబ్లీజియెన్ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. పంట రైతుది, పులియబెట్టడం, నిలవచేయడం, అమ్మడం సంఘానిది. నూరేళ్లు దాటినా అది నడుస్తున్నది. 1938లో షాబ్లీ అన్న పేరుకు చట్టరక్షణ కూడా లభించింది.

మనకేమిటి పాఠం?

చెరకు కూడా ద్రాక్షలాంటిదే. నరికిన తరవాత గంటగంటకూ అందులోని చక్కెర విరిగిపోతుంది. కనుక దగ్గర్లో ఫ్యాక్టరీ ఉంటేనే చెరకుకు విలువ. ఘనపురం ఆనకట్ట కింద మన రైతులు పండించిన చెరకుకు ముంబోజిపల్లి ఫ్యాక్టరీ ఆధారంగా ఉండేది. 1937లో మొదలైన నిజాం షుగర్స్ 2002లో ప్రైవేటు యాజమాన్యం చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో ముంబోజిపల్లి గేటు మూతపడింది. కార్మికుడికి జీతం పోయింది, రైతుకు పంటే పోయింది. నేల అదే, మంజీర నీళ్లు అవే, చెరకు పండించే నేర్పూ అదే. లేనిదల్లా పండినదాన్ని సమయానికి అందుకునే చోటు.

సహకారం అనగానే అన్నీ బాగుపడతాయని నేననను. లెక్కలు సరిగా లేక, రాజకీయాలు చొరబడి మూలపడ్డ సంఘాలు మనకు తెలుసు. షాబ్లీలో మూడు కలిశాయి: వాతావరణానికి తగిన పంట, రైతుల చేతిలోని ఫ్యాక్టరీ, చట్టం కాపాడే పేరు. ఒక్కటి తప్పినా మిగతావి కుంటుతాయి.

పైగా కాలం మారుతున్నది. బర్గండీలోని బోన్ పట్టణంలో 1354 నుంచీ కోత తేదీల లెక్కలున్నాయి. వెనకటి సగటుతో పోలిస్తే 1988 నుంచి కోతలు సుమారు 13 రోజులు ముందుకు జరిగాయి. చల్లని సీమకే చలి కరువైతే, ముందే వేడిగా ఉన్న మన సంగతి ఆలోచించండి!

మిత్రులారా, షార్డొనే తీగను తెచ్చి మెదకులో నాటాలని నా భావం కాదు. మన ఎండకూ మన నీటికీ ఏది తగునో కొలిచి చూడటం వృక్షశాస్త్ర విద్యార్థి పని. పండినదాన్ని ఎక్కడ, ఎవరి యాజమాన్యంలో సరుకుగా మార్చాలో లెక్కకట్టడం వాణిజ్యశాస్త్ర విద్యార్థి పని. రైతుబిడ్డలమైన మనం చదివిన చదువు ఆ లెక్కలకు పనికివస్తే, ఈ కళాశాల మనకిచ్చినదాంట్లో కొంతైనా తిరిగి మన ఊళ్లకు చేరుతుంది.