వేళ్లకు లొంగే గిటారు

పిల్లవాడు గిటారు కావాలని అడిగిన రోజు మన కడప జిల్లా వల్లూరు లాంటి ఊళ్లో అమ్మానాన్నల గుండెల్లో మెదిలేది ఒకటే. ఇంత డబ్బు పోశాక నెల తిరక్కుండానే అది అటకెక్కితే? ఆ భయం తప్పు కాదు. మా ఇంట్లో ఒకటి నిజంగానే అటకెక్కింది. అయితే అందుకు కారణం పిల్లవాడి చంచలత్వం కాదని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాది మీ పిల్లలకు మిగలాలని ఇది రాస్తున్నాను.

మా అక్క కొడుకు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఎర్రగా మెరిసే గిటారు కొన్నాం. రంగు చూశాం, సంచీ ఉచితమన్నారు, తెచ్చేశాం. వారానికే వాడు చెయ్యి చూపించి “వేళ్లు నొచ్చాండాయి మామా” అన్నాడు. కాయలు కాస్తే అదే సర్దుకుంటుందిలే అన్నాను. అది సగం నిజం. ఉక్కు తీగల మీద ఎవరికైనా మొదటి రెండు మూడు వారాలు నొప్పి తప్పదు. కానీ వాడి నొప్పి వేరు. పళ్లు బిగించి నొక్కినా స్వరం పలికేది కాదు. మెల్లగా మానేశాడు. నేను కోప్పడ్డాను కూడా. ఆ కోపం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

కొంతకాలానికి, ఆదివారాలు చర్చిలో గిటారు వాయించే కుర్రాడొకడు మా గిటారును చూశాడు. జామెట్రీ బాక్సులో స్కేలు తెమ్మని, మెడ మీది అడ్డ లోహపు గీతల్లో పన్నెండోది, అంటే 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఖాళీ కొలిచాడు. నాలుగు మిల్లీమీటర్లు దాటింది. ఉండాల్సింది రెండు, రెండున్నర. గిటారు పొట్ట మీద తీగలు కట్టే చెక్క బ్రిడ్జి. దాని మీద తీగలు ఆనే తెల్లటి పట్టీని శాడిల్ అంటారు. దాన్ని బయటకు తీసి, అడుగుభాగాన్ని గరుకు కాగితం మీద కొంచెం కొంచెంగా అరగదీశాడు. 12వ ఫ్రెట్ దగ్గర ఒక మిల్లీమీటరు దిగాలంటే శాడిల్ రెండు మిల్లీమీటర్లు అరగాలట. ఎక్కువ అరిగితే మళ్లీ అతికించలేం కాబట్టి తొందరపడకూడదన్నాడు. పాత తీగలు తీసేసి 10 నంబరు సన్న తీగలు వేశాడు. గిటారు అదే, పిల్లవాడు వాడే. ఆ రాత్రి తొమ్మిదైనా వాడు దాన్ని వదల్లేదు.

అందుకే చెబుతున్నాను, తక్కువ ధర గిటారుకు భయపడకండి. వేళ్లకు లొంగని గిటారుకు భయపడండి. ఒకప్పుడు ప్రొద్దుటూరులో బంగారం కొనేటప్పుడు గీటురాయి మీద గీసి చూడకుండా డబ్బు చేతికిచ్చేవారు కాదు కదా. గిటారుకూ గీటురాయి ఉంది, దానికి సంగీతం వచ్చి ఉండనక్కర్లేదు. వడ్రంగి పలకను కంటికి ఆనించి చూసినట్టు గిటారు మెడను పొడుగునా చూడండి. వంకర, మెలిక ఉంటే పక్కన పెట్టేయండి. ఒక్కో తీగను ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటండి. ఎక్కడైనా జిర్రుమంటే అక్కడి ఫ్రెట్ల ఎత్తుపల్లం సరిగా లేకపోవచ్చు. వట్టి తీగ షడ్జమం అనుకుంటే 12వ ఫ్రెట్‌లో పై షడ్జమం పలకాలి, ఎందుకంటే తీగ పొడవులో సరిగ్గా సగం అక్కడికే. ఫోన్‌లో ఉచితంగా దొరికే ట్యూనర్ పెడితే తేడా ఉందో లేదో అదే చూపిస్తుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, వెనక్కి పంపే గడువు దాటకముందే ఇవన్నీ చూడండి. తక్కువ ధరల్లో ఒకే కంపెనీ, ఒకే మోడల్‌లో కూడా ఒక గిటారుకూ పక్కదానికీ తేడా ఉంటుంది.

పేర్లు అడుగుతారు కాబట్టి చెబుతాను. కొంచెం పెట్టగలిగితే యమహా ఎఫ్280, ఎఫ్310 ఏళ్ల తరబడి నమ్మకం నిలబెట్టుకున్నవి. పది వేలకు అటూ ఇటూ అవుతాయి. అంత వద్దనుకుంటే కలకత్తాలో తయారయ్యే గివ్సన్ లాంటివి సగం ధరకే దొరుకుతాయి. అమెరికాలో 1902లో మొదలైన గిబ్సన్‌కూ దీనికీ సంబంధం లేదు, పేరు చూసి పొరబడకండి. వీటిలో మంచిది ఏరుకుని, ఇంకో ఐదారు వందలు పెట్టి తీగల ఎత్తు సరిచేయిస్తే ఆశ్చర్యపోయేలా పలుకుతాయి. తక్కువ ధర గిటారు పెద్ద వేదికలు ఎక్కదనీ అనుకోకండి. 1969లో అమెరికాలోని వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో లక్షల మంది ముందు గాయకుడు కంట్రీ జో మెక్‌డొనాల్డ్ వాయించింది యమహా ఎఫ్‌జీ150. అది ఖరీదైన గిటారు కాదు, సొంతదీ కాదు. పట్టీ లేక తాడు కట్టి భుజాన వేసుకున్నాడు.

దుకాణంలో “పైపలక ప్లైవుడ్డేనా, అసలు చెక్కా?” అనే మాట వినిపిస్తుంది. అసలు చెక్క నాదం మేలే, కాదనను. కానీ మన జిల్లా ఎండలకు, పొడిగాలికి ఆ చెక్క పగుళ్లివ్వచ్చు. ప్లై తట్టుకుంటుంది. మొదటి గిటారుకు ప్లై చాలు, ఇంకా చెప్పాలంటే ఇక్కడ అదే మంచిది.

బిడ్డ పదేళ్ల లోపుదైతే ఉక్కు తీగల జోలికి వెళ్లకండి. నైలాన్ తీగల క్లాసికల్ గిటారు వేళ్లకు మెత్తన. అందులోనూ కొలత చూడాలి. యమహా సీ40 తీగ పొడవు 650 మిల్లీమీటర్లు, సీఎస్40ది 580. చిన్న చేతికి ఆ ఏడు సెంటీమీటర్లు చాలా పెద్ద తేడా.

పాతది కొనడానికి మొహమాటపడకండి. ఇంజనీరింగ్ హాస్టళ్లలో మోజుపడి కొని, ఉద్యోగం రాగానే వదిలేసినవి ఎన్నో. బ్రిడ్జి వెనక అంచు కింద పల్చటి కాగితం దూరుతోందా చూడండి. దూరితే జిగురు వదిలిందన్నమాట, వద్దు. తీగలు తుప్పు పట్టి ఉంటే మాత్రం వెనకాడకండి, కొత్తవి వేస్తే పోతుంది. వెంట ఎవరినైనా తీసుకెళ్లాలంటే మీ దగ్గరి చర్చిలో వాయించే పిల్లల్ని అడగండి. లండన్ మిషన్ వాళ్లు 19వ శతాబ్దం నుంచీ పనిచేసిన జిల్లా మనది, ఊరూరా చర్చిపాటకు గిటారు పట్టే యువకులుంటారు. ఏ మతం వాళ్లు అడిగినా ఆనందంగా వస్తారు.

ఇక ఇంటికి తెచ్చాక గిటారును ఎక్కడ ఉంచాలన్నది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఆరేళ్ల వయసులో చేతికి తీసుకున్నది వాళ్ల నాన్న సత్యనారాయణగారి మాండలిన్‌ని. తండ్రి ఆ పరదేశీ వాద్యాన్ని లాగేసుకోలేదు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో ఆ పిల్లవాడు కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్లు. ఆ వాద్యం ఇంట్లో చెయ్యి చాచితే అందేచోట ఉండటం చిన్న విషయమని నేననుకోను. మీరూ గిటారును సంచీలో పెట్టి జిప్పు వేసి బీరువా మీద పెట్టకండి. పిల్లవాడి ఎత్తుకు అందేలా లోపలి గదిలో ఒక కొక్కెం కొట్టించండి. పడమటి గోడ వద్దు, సాయంత్రానికి కాలిపోతుంది. మే నెలలో నాపరాళ్ల కప్పు కింద, ఎండలో నిలిపిన కారులో అసలే వద్దు, జిగురు మెత్తబడి బ్రిడ్జి లేస్తుంది. మా వాడి గిటారు వంటింటి తలుపు పక్కన వేలాడుతుంది. మా అక్క అన్నం వండుతుంటే వాడు అక్కడే గడప మీద కూర్చుని వాయిస్తాడు. తప్పు స్వరం పడితే ఆమే ముందు తల తిప్పి చూస్తుంది.