ఫ్రీలాన్స్ రాతలో కొత్తవారికి ఎవరూ చెప్పని సగం

ఫ్రీలాన్స్ రచయితలు, అనువాదకులు ఉండే వాట్సాప్ గ్రూపుల్లో పని కబుర్లు రెండు ముక్కల్లో ఉంటాయి. "రెండు వేల పదాలు, యూనికోడ్, బైలైన్ ఉండదు, శుక్రవారానికి కావాలి. ఎవరు ఖాళీ?" అంతే. నిమిషాల్లో పాతవాళ్లు స్పందిస్తారు. ఒకరు రేటు అడుగుతారు, ఒకరు బ్రీఫ్ పంపమంటారు, రివిజన్లు ఎన్నో ముందే చెప్పమని ఇంకొకరంటారు. ఆ మధ్యే గ్రూపులో చేరిన డిగ్రీ విద్యార్థి, ఉద్యోగం మాని రాత మీద నిలబడదామనుకుంటున్న గృహిణి ఇదంతా చదివి ఊరుకుంటారు. ఆ పని వాళ్లూ చేయగలరు. కానీ ఆ సంభాషణలో సగం అర్థం కాలేదు. అడిగితే తెలియదన్న సంగతి నలుగురిలో బయటపడుతుందని భయం. పని ఇంకొకరికి వెళ్లిపోతుంది. తరువాతి పనికీ అదే జరుగుతుంది.

ఈ బెరుకుకు కారణం తమలో ప్రతిభ లేకపోవడమేనని చాలామంది తీర్మానించుకుంటారు. నేను ఒప్పుకోను. పాతవాళ్లకూ కొత్తవాళ్లకూ మధ్య ఉన్న దూరంలో రెండు భాగాలున్నాయి. ఒకటి రాసే నేర్పు. దానికి ఏళ్లు పడుతుంది, దగ్గరి దారి లేదు. రెండోది పని పద్ధతి. ఆలోచన ఎవరికి, ఎప్పుడు పంపాలి, ఏ ఫాంట్‌లో ఇవ్వాలి, డబ్బు మాట ఎక్కడ ఎత్తాలి, హక్కులు ఎవరివి అన్నవన్నీ ఇందులోకి వస్తాయి. మనసు పెడితే ఇది కొన్ని వారాల్లో పట్టుబడుతుంది. అయితే దీన్ని ఎవరూ పాఠంగా చెప్పరు కాబట్టి, సీనియర్లు అలవోకగా మాట్లాడుతుంటే అదంతా ప్రతిభలాగే కనిపిస్తుంది. కొత్తవాళ్లను వెనక్కి లాగేది ఎక్కువగా ఈ రెండో భాగమే.

'ఇంపోస్టర్ సిండ్రోమ్' అన్న మాట మీరు వినే ఉంటారు. 1978లో అమెరికాలో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 'ఇంపోస్టర్ ఫినామినన్' పేరుతో రాసిన పరిశోధన పత్రం నుంచి వచ్చిన భావన అది. వాళ్లు గమనించింది చదువులోనూ వృత్తిలోనూ అప్పటికే రాణించిన మహిళలను. ఎంత సాధించినా అది తమ గొప్ప కాదని, ఎప్పుడో ఒకనాడు దొరికిపోతామని వాళ్లు లోలోపల భయపడేవారు. రాతలో అడుగు పెడుతున్నవారికి ఈ పేరు అతికించడం నాకు సరిగా తోచదు. కొత్తవారికి కొన్ని సంగతులు నిజంగానే తెలియవు. తెలియకపోవడం జబ్బు కాదు, స్వభావంలో లోపమూ కాదు. అలాంటివారికి "నిన్ను నువ్వు నమ్ముకో" అని చెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు. తెలియని సంగతి చెప్పాలి.

ఉద్యోగంలో చేరినవారి కంటే ఫ్రీలాన్సర్లలో ఈ బెరుకు ఎక్కువ ఉండటానికీ ఒక కారణం ఉంది. పత్రిక డెస్కులో చేరిన కొత్త ట్రైనీ, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న సబ్ ఎడిటర్ ఒక ఇంట్రోను మూడుసార్లు కొట్టేసి మళ్లీ రాయడం పక్క సీట్లోంచి చూస్తాడు. ఆయన కాపీని ఇన్‌చార్జి సగానికి కోసేయడం చూస్తాడు. సరైన హెడ్డింగ్ తట్టక నలుగురూ తల పట్టుకోవడం చూస్తాడు. ఇంట్లో కూర్చుని రాసేవారికి ఇవేవీ కనిపించవు. వాళ్లు సీనియర్ల రాతను అచ్చయ్యాకే చదువుతారు. తమ చిత్తుప్రతిని తీసుకెళ్లి, నాలుగు చేతులు దిద్దిన ఆ అచ్చుప్రతి పక్కన పెట్టుకుని కుంగిపోతారు. ఆ పోలికే తప్పు.

కాబట్టి ముందుగా చేయాల్సింది దిద్దుబాట్లు కంటపడే చోటికి వెళ్లడం. అందుకు ఖర్చు లేని దారి తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వంలో ప్రతి వ్యాసానికీ 'చరిత్ర' అనే ట్యాబ్ ఉంటుంది. ఏ వాక్యం ఎవరు చేర్చారు, ఎవరు మార్చారు, ఏది తీసేశారు అన్నది మొదటి రోజు నుంచీ అందులో భద్రంగా ఉంటుంది. మంచి వ్యాసాన్ని ఒకటి ఎంచుకుని దాని పాత కూర్పులు చదవండి. అనుభవజ్ఞుల తొలి ప్రయత్నం ఎలా ఉంటుందో తెలుస్తుంది. మీరూ ఒక వ్యాసం రాయండి. మీకంటే తెలిసినవారు దాన్ని దిద్దుతారు, ఎందుకు దిద్దారో చర్చ పేజీలో అడగవచ్చు. అక్కడ పారితోషికం ఉండదు, పరువు పోతుందన్న భయమూ అక్కర్లేదు. ఇక పత్రికలో మీ వ్యాసం వచ్చినప్పుడు పేరు చూసుకుని సంతోషించడంతో ఆగకండి. మీరు పంపిన ప్రతిని, అచ్చయిన ప్రతిని పక్కపక్కన పెట్టి వాక్యం వాక్యం పోల్చండి. డెస్కు ఎక్కడ కోసిందో, ఏ మాట మార్చిందో చూస్తే ఆ పత్రిక మీ నుంచి ఏం కోరుకుంటోందో తెలిసిపోతుంది. ఇంత చవకగా దొరికే శిక్షణ ఇంకొకటి లేదు.

పని పద్ధతి అన్నాను కదా, దానికి కొన్ని ఉదాహరణలు చెబుతాను. తెలుగు ప్రచురణ రంగంలో చాలాచోట్ల ఇప్పటికీ పేజీలు అను ఫాంట్లలో తయారవుతాయి. మీరు ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో రాసేది యూనికోడ్. ఒకదాన్నుంచి ఇంకొకదానికి మార్చేటప్పుడు వత్తులు, సంయుక్తాక్షరాలు చెదురుతాయి. అందుకే ఏ రూపంలో కావాలో పాతవాళ్లు ముందే అడుగుతారు, వీలుంటే పీడీఎఫ్ కూడా జతచేసి పంపుతారు. పండుగ ప్రత్యేక సంచికకు పండుగ వారంలో ఆలోచన పంపితే చోటుండదు. ఆ పేజీలు ఎప్పుడో నిండిపోయి ఉంటాయి. సబ్‌టైటిల్ తెర మీద రెండు వరుసలు దాటకూడదు కనుక పాత్ర మాట్లాడిందంతా రాయడం కుదరదు, ప్రేక్షకుడు చదవగలిగినంతే రాయాలి. డబ్బింగ్ స్క్రిప్టులో ప, బ, మ లాంటి పెదవులు కలిసే అక్షరాలు ఎక్కడ పడుతున్నాయో నటుడి మూతి చూసి సరిపెట్టాలి. యాప్ లోకలైజేషన్‌లో వాక్యం మధ్య మీసాల బ్రాకెట్లలో కనిపించే కోడ్ ముక్కను అనువదించకూడదు, కదపాల్సి వస్తే తెలుగు వాక్యక్రమానికి తగ్గట్టు యథాతథంగా కదపాలి. రేడియో ప్రకటన ముప్పై సెకన్లంటే, గడియారం చూస్తూ పైకి చదివి పంపాలి. వీటిలో ఏ ఒక్కటీ ప్రతిభ కాదు. ఒకసారి చెబితే గుర్తుండిపోయే పని మర్యాదలు.

డబ్బు, హక్కుల దగ్గర కొంచెం నిదానించాలి. కొత్తవారిని ఎక్కువగా భయపెట్టేవీ, ఎక్కువగా నష్టపరిచేవీ ఇవే. "కొత్తవాళ్లం కదా, రేటు అడిగితే ఏమనుకుంటారో" అనే సంకోచం చాలామందిలో చూశాను. అడగడం అమర్యాద కాదు. పని ఒప్పుకునే ముందే నాలుగు సంగతులు మెయిల్‌లో రాతపూర్వకంగా ఉండాలి. పదానికి ఎంత లేదా మొత్తం ఎంత, ఎప్పుడు ఇస్తారు, రివిజన్లు ఎన్ని, పేరు వేస్తారా లేదా. నమూనా రాయమని ఒక పేరా, రెండు పేరాలు అడిగితే రాసివ్వండి. పూర్తి వ్యాసమో ఒక అధ్యాయమో ఉచితంగా అడిగితే వద్దని చెప్పండి. అనుభవం వస్తుందని ఆశ చూపితే ఒప్పుకోకండి. డబ్బిచ్చే పనిలోనూ అనుభవం వస్తుంది.

1957 నాటి మన కాపీరైట్ చట్టం ఈ విషయంలో రచయిత పక్షాన గట్టిగానే నిలబడింది. ఉద్యోగిగా రాసినదాని సంగతి వేరు. బయటినుంచి ఫ్రీలాన్సర్‌గా రాసిన వ్యాసానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు రాసినవారే. ఆ హక్కు ఇంకొకరికి బదిలీ కావాలంటే సంతకంతో కూడిన రాతకోతలుండాలి. ఆ పత్రంలో కాలపరిమితి రాయకపోతే బదిలీ ఐదేళ్లకే వర్తిస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. ఈ రెండు సంగతులు తెలిసిన కొత్త రచయిత కాంట్రాక్టు చదివే తీరే మారిపోతుంది. 'సర్వ హక్కులూ శాశ్వతంగా' అన్న వాక్యం కనబడితే సంతకం పెట్టే ముందు ఆగి, ఆ రేటుకు అంత ఇవ్వాలా అని ఆలోచిస్తారు. ఇచ్చినా తెలిసే ఇస్తారు.

ఆలస్యపు చెల్లింపులకూ ఒక దారి ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్‌తో ఉచితంగా సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకోవచ్చు, సేవలందించే ఒంటరి వ్యక్తి కూడా ప్రొప్రైటర్‌గా చేరవచ్చు. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం అలా నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదు. ఆపితే వడ్డీతో చెల్లించాలి. ఫిర్యాదుకు ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. అంతదూరం వెళ్లాల్సిన అవసరం అరుదుగానే వస్తుంది. ఇన్‌వాయిస్ మీద ఉద్యమ్ నంబరు, గడువు తేదీ రాస్తే, రాసినవారికి పద్ధతి తెలుసన్న సంగతి అకౌంట్స్ విభాగానికి అర్థమవుతుంది. టీడీఎస్ కోసి ఇస్తే ఆ మొత్తం మీ పాన్ మీద జమైందో లేదో ఆదాయపన్ను పోర్టల్‌లో చూసుకోండి. ఏటా రిటర్ను వేస్తేనే అందులో తిరిగి రావాల్సింది వస్తుంది.

సీనియర్లను ఎలా పలకరించాలన్నది మరో చిక్కు. "నమస్తే సర్, రైటింగ్ ఫీల్డ్‌లోకి రావాలనుకుంటున్నాను, మీ గైడెన్స్ కావాలి" అనే మెసేజ్‌లు పేరున్న రచయితలకు తరచూ వస్తుంటాయి. వాటికి ఏమని బదులివ్వాలో వాళ్లకూ తెలియదు. అవి ప్రశ్నలు కావు కాబట్టి. ఇలా రాసి చూడండి. "మేడమ్, చేనేత మీద మీ వ్యాసం చదివాను. పోచంపల్లిలో మగ్గాల వాళ్లతో మాట్లాడి నేనూ ఒకటి రాశాను, ఎనిమిది వందల పదాలొచ్చింది. ఆదివారం అనుబంధానికి పంపాలా, జిల్లా పేజీకి పంపాలా?" దీనికి ఒక్క లైనులో జవాబు చెప్పవచ్చు, చెబుతారు కూడా. పని జరిగాక ఏమైందో వాళ్లకు తెలియజేయండి. చిన్న సలహా ఫలించిందని వింటే ఎవరికైనా ఆనందమే, రెండోసారి అడగడానికి మీకూ చనువు వస్తుంది. గ్రూపులో అందరి ముందూ అడగడానికి జంకితే విడిగా అడగండి, కానీ అడగకుండా మాత్రం ఉండకండి. తెలియనిది తెలిసినట్టు నటించి పని ఒప్పుకుంటే ఆ భారం డెడ్‌లైన్ ముందు రాత్రి మీ మీదే పడుతుంది.

కొత్తవాళ్ల చేతిలో ఉన్న బలం, అంటే తమకు దగ్గరగా తెలిసిన పని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాన్ని తెచ్చింది. 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయ పదాలది, 1971లో వచ్చిన రెండోది చేనేత పదాలది. ఊరూరా తిరిగి, ఆ పని చేసేవాళ్ల నోటినుంచి సేకరించిన మాటలవి. నగరంలో పుట్టి పెరిగిన సీనియర్ రచయిత ఆ పుస్తకం తిరగేసి నేర్చుకోవాల్సిన మాటలు, నేతపని ఇంట్లో పెరిగిన అమ్మాయికి ఊహ తెలిసినప్పటి నుంచీ వచ్చు. నర్సింగ్ చదివినవారు ఆస్పత్రి కరపత్రాన్ని రోగికి అర్థమయ్యే తెలుగులో రాయగలరు. బీకాం చదివినవారు బీమా పాలసీలోని మెలికలు విప్పి చెప్పగలరు. మొదటి పనులు మీకు అలా తెలిసిన రంగం నుంచే ఎంచుకోండి. అన్నీ రాయగలమని చెప్పుకునేవారి కంటే ఒక్క విషయం లోతుగా తెలిసినవారిని ఎడిటర్ త్వరగా గుర్తుపెట్టుకుంటారు.

పైగా ఈ రోజుల్లో సీనియర్లూ కొత్తవాళ్లవుతున్నారు. అనువాద ఏజెన్సీలు ఇప్పుడు యంత్రం చేసిన అనువాదాన్ని దిద్దే పనిని ఎక్కువగా ఇస్తున్నాయి. చేత్తో రాసి, తరువాత అను కీబోర్డు, ఆ తరువాత యూనికోడ్ నేర్చుకున్న తరం ఇప్పుడు ఈ పనికీ రేటు ఎలా కట్టాలో, యంత్రం ఎక్కడ తడబడుతుందో తెలుసుకుంటోంది. తెలుగులో ఈ పనిలో దాదాపు ఎవరికీ ఇరవై ఏళ్ల అనుభవం లేదు.

అయితే మొదట చెప్పిన దూరంలో మొదటి భాగం, అంటే రాసే నేర్పు నిజంగానే తక్కువనిపిస్తే దాన్ని ఒప్పుకోవడమే మేలు. అలాంటివారు నేరుగా ఫ్రీలాన్సింగ్‌లోకి దూకకుండా, కొన్నాళ్లు డెస్కు పని చేసి రావాలని నా సలహా. తెలుగులో రాసి సంపాదించేది మొదట్లో నెలనెలా సమంగా రాదు కనుక ఇంటి ఖర్చుకూ ఆ జీతం భరోసా. డెస్కులోకి దారిగా ప్రధాన తెలుగు పత్రికలు కొన్ని సొంత జర్నలిజం స్కూళ్లు నడుపుతున్నాయి. ప్రవేశ పరీక్ష పెట్టి ఎంచుకుని, శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇస్తాయి. పరీక్షలో తెలుగు, వర్తమాన వ్యవహారాలతో పాటు ఇంగ్లిష్ నుంచి అనువాదం కీలకం. నోటిఫికేషన్ వచ్చేదాకా ఖాళీగా ఉండనక్కర్లేదు. సాయంత్రం ఒక ఇంగ్లిష్ వార్త తీసుకుని మీ తెలుగులో రాసిపెట్టండి. పొద్దున్నే రెండు తెలుగు పత్రికల్లో అదే వార్త ఎలా వచ్చిందో చూసి, మీ ప్రతి మీద ఎర్ర పెన్నుతో దిద్దుకోండి.