మహలఖా అంటే ఎవరు?

ప్రశ్న: మా నాయనమ్మ పేరు మహలఖా. పాపకూ అదే పెడదామంటే, అది నర్తకి పేరు, వద్దని ఇంట్లో అంటున్నారు. అసలు అర్థమేమిటి?
– ఒక పాఠకురాలు, మొగల్‌పురా, హైదరాబాద్

జవాబు: చంద్రుడి వంటి ముఖం కలది అని. ‘మాహ్’ పారశీకంలో చంద్రుడు. ‘లఖా’ అరబ్బీ నుంచి వచ్చింది. అక్కడ కలయిక, దర్శనం అనే అర్థాలున్న మాట పారశీక కవుల చేతిలో ముఖమైంది. మన చంద్రముఖి, ఇందువదన ఇదే కోవ.

ఇంట్లోవాళ్లు అంటున్నది మహలఖా బాయి చందా (1768–1824) గురించి. ఆమె అసలు పేరు చందా బీబీ, అదీ చంద్రుడే! మహలఖా అనేది 1802లో రెండో నిజాం అలీ ఖాన్ ఇచ్చిన బిరుదు. అవును, నర్తకే. కానీ అంతేనా? ఉర్దూ గజళ్ల దీవాన్ (సంకలనం) కూర్చిన తొలి కవయిత్రుల్లో ఒకరు. జాగీర్లున్న మనిషి, దర్బారులో మాట చెల్లిన మనిషి. మౌలాలి గుట్ట కింద తల్లి పక్కనే ఆమె సమాధి ఉంది, పాపను ఎత్తుకుని వెళ్లి చూసి రండి. ఆ పేరు వద్దనడానికి నాకైతే కారణం కనిపించదు.

ఒక్క జాగ్రత్త. మహలఖాలోని ‘ఖ’ ఉర్దూలో ‘ఖాఫ్’ అక్షరం. గొంతు లోపలి ‘క’. దాన్ని ‘ఖ’గా పలకడం హైదరాబాదీల అలవాటు. ఇంట్లో ఎలా పిలిచినా సరే, జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో మాత్రం ఒకే స్పెల్లింగ్ రాయించండి.