చలికాలం పిట్టలు – చూడటం, రాసుకోవటం, ఫొటో తీయటం



నేను మన హాస్టల్ పాత విద్యార్థిని. ఇప్పుడు హైదరాబాదులో అశోక్‌నగర్‌లో రూము తీసుకుని గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాను. ఇక్కడ పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుంటాం. అటు నారాయణగూడ దాకా మెట్రో, బస్సులు, హోటళ్ళు, కోచింగ్ బోర్డులే. పెరడు ఉన్న పాత ఇళ్ళు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. ఈ సందడి పక్కనే ఇందిరా పార్కు ఉంది. 76 ఎకరాలు. 1975లో పునాదిరాయి వేశారు, 1978లో జనానికి తెరిచారు. పొద్దుగాల లైబ్రరీకి పోయే ముందు ఒక గంట అక్కడ తిరిగితే ఇరవై రకాల పిట్టలు కనబడతాయి. సిటీలోనే ఇన్ని ఉంటే మన గుట్టల్లో ఎన్ని ఉండాలి? అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

1. "పిట్ట" మన మాటే

సైన్సులో ప్రతి ప్రాణికీ ఒక లాటిన్ పేరు ఉంటుందని చదివారు కదా. ఒక పక్షి జాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరే "పిట్టా". 1816లో వియో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ పేరు పెట్టాడు. అది మన తెలుగు "పిట్ట" నుంచి పోయిన మాటే. గోండిలో కూడా దాదాపు ఇలాగే "పిట్టె" అంటారు.

ఆ పక్షి మన దేశంలోనూ ఉంది. హిందీలో నవరంగ్ అంటారు. వీపు పచ్చన, రెక్కమీద నీలం, గొంతు తెలుపు, కంటిమీదుగా నల్లపట్టీ, తోక కింద ఎరుపు. తోక కురచ. నేలమీద ఎండుటాకులు తిరగేసి పురుగులు ఏరుకుంటుంది. పొద్దు పొడిచేటప్పుడు, పొద్దు గూకేటప్పుడు రెండు ఈలలు వేస్తుంది. వానాకాలంలో హిమాలయాల అడుగు కొండల్లో, మధ్య భారతం అడవుల్లో గూడు పెట్టి, చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంకకు పోతుంది. పోతూ పోతూ అలసి ఒక్కోసారి పట్నంలో ఇళ్ళ పెరళ్ళలో కూడా దిగుతుంది.

2. ఎందుకు వస్తాయి?

చలికి తట్టుకోలేక వస్తాయని చాలామంది అనుకుంటారు. చలి ఒక కారణమే గాని అసలు కారణం తిండి. ఉత్తర దేశాల్లో మంచు పడితే పురుగులు దొరకవు, పగలు కూడా చిన్నదైపోతుంది. తిండి వెతుక్కునే టైము తక్కువ. మన దగ్గర ఆ నెలల్లో కూడా చెట్ల మీద పురుగులు ఉంటాయి. ఎండాకాలం వస్తూంటే మళ్ళీ తిరిగి పోతాయి, గూళ్ళు పెట్టేది అక్కడే.

బయలుదేరే ముందు బాగా తిని ఒంట్లో కొవ్వు దాచుకుంటాయి. మనం ఊరికి పోయేటప్పుడు సద్దిమూట కట్టుకున్నట్టే. చిన్న పిట్టలు ఎక్కువగా రాత్రిపూట ఎగురుతాయి. దారి తెలుసుకోవటానికి చుక్కలు, భూమి అయస్కాంత శక్తి సాయపడతాయి.

3. ఎవరెవరు వస్తారు?

(అ) ఆకుపచ్చగా, చెట్టు కొమ్మల్లో ఒక్క క్షణం నిలవని చిన్న పిట్ట. ఇంగ్లీషులో గ్రీనిష్ వార్బ్లర్. దాని బరువు ఏడెనిమిది గ్రాములు, అంటే రెండు రూపాయి బిళ్ళలంత. హిమాలయాల నుంచి, ఇంకా ఉత్తరం నుంచి వస్తుంది. కంటికి దొరకదు, ముందు దాని కూత పట్టుకోవాలి.

(ఆ) గొంతు దగ్గర ఎర్రగా ఉండి, తోక ఎగరేస్తూ ఈగల్ని పట్టే పిట్ట. రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్. తూర్పు యూరపు, రష్యా అడవుల నుంచి వేల కిలోమీటర్లు వస్తుంది. ఆడపిట్టకు ఆ ఎరుపు ఉండదు.

(ఇ) గులాబి రంగు గోరింకలు. మధ్య ఆసియా నుంచి గుంపులు గుంపులుగా వస్తాయి. జొన్న చేలమీద వాలతాయి, మిడతల్ని కూడా తింటాయి.

వీటితోపాటు ఎప్పుడూ ఇక్కడే ఉండేవి సరేసరి: పిగిలిపిట్ట, కంసాలి పిట్ట, వడ్రంగి పిట్ట, తేనెపిట్ట, రామచిలుక, పాలపిట్ట.

అడవిలో చలికాలం ఇంకో వింత చూడవచ్చు. వేరే వేరే జాతుల పిట్టలు ఒకే గుంపుగా కలిసి తిరుగుతాయి. తోకకు రెండు పోగులు వేలాడే నల్లపిట్ట కూడా ఆ గుంపులో ఉంటుంది. ఒకటి కదిలిస్తే లేచిన పురుగు ఇంకోదానికి దొరుకుతుంది. కళ్ళు ఎక్కువ కాబట్టి డేగ వస్తే ముందే తెలుస్తుంది. అంతసేపూ చెట్లు ఖాళీగా ఉండి, ఒక్కసారి పది పిట్టలు వచ్చాయంటే అది ఆ గుంపే.

4. ఎలా చూడాలి?

పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది లోపల మంచి టైము. ముగ్గురికంటే ఎక్కువమంది పోవద్దు. తెల్లచొక్కా, ఎర్రచొక్కా వద్దు. నడుస్తూ వెతకటం కంటే ఒకచోట పావుగంట కూర్చోవటం మేలు. పిట్ట మనల్ని మరిచిపోవాలి.

కనబడగానే ఇవి రాసుకోండి:
– పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా?
– ముక్కు లావా, సన్నమా, వంకరా?
– నేలమీదా, మొద్దుమీదా, చిటారు కొమ్మనా?
– ఏం చేస్తోంది? ఎలా కూసింది?
– తేదీ, టైము, చెట్టు పేరు.

రంగు చివర రాసుకోండి. నీడలో రంగు మోసం చేస్తుంది, ముక్కు మోసం చేయదు.

జనవరి దాటితే ఆకు రాలుతుంది, పిట్ట బాగా కనబడుతుంది. మోదుగ, బూరుగ పూసినప్పుడు ఆ చెట్టు కిందే కూర్చోండి. తేనెకు అన్నీ అక్కడికే వస్తాయి.

5. ఫొటో తీయటం

కెమెరా ఉన్నవాళ్ళు సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకోవాలి. పిట్ట కంటికి ఫోకస్ పెట్టాలి. కన్ను స్పష్టంగా వస్తే ఫొటో బతికినట్టే. చిన్న పిట్టలు కదులుతూనే ఉంటాయి కాబట్టి షట్టర్ సెకనులో 500వ వంతు, 1000వ వంతు పెట్టాలి. బైనాక్యులర్ అద్దానికి ఫోను ఆనించి కూడా తీయవచ్చు. 8×40 అని రాసి ఉంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందనీ, ముందు అద్దం 40 మిల్లీమీటర్లనీ అర్థం.

చేయకూడనివి: గూడు దగ్గరికి పోవద్దు, కొమ్మలు విరవద్దు. రాత్రి గుడ్లగూబ కళ్ళలో ఫ్లాష్ కొట్టవద్దు. ఫోనులో కూత వినిపించి పిలవవద్దు. ఏడు గ్రాముల పిట్ట ఉత్తగనే ఎగిరితే దాని ఒంట్లో శక్తి కరిగిపోతుంది, తినే టైము పోతుంది.

కెమెరా లేకపోతే దిగులు వద్దు. నోటుబుక్కులో పెన్సిలుతో బొమ్మ గీయండి. గీసేవాడు ఎక్కువ చూస్తాడు.

6. గులేరు సంగతి

ఇది జర మనసు పెట్టి చదవండి. మనలో చాలామంది జేబుల్లో గులేరు ఉంటుంది. చెయ్యి గురి మంచిదే. కాని ఖండాలు దాటి వచ్చిన పిట్ట ఒక్క రాయితో పోతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పిట్టల్ని కొట్టటం, పట్టటం, అమ్మటం నేరం కూడా.

డాక్టర్ సలీం అలీ (1896–1987) పేరు విన్నారు కదా. ఆయన కూడా చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో పిచ్చుకను కొట్టాడు. దాని గొంతుమీద పసుపు మచ్చ కనబడింది. ఇదేం పిచ్చుక అని అడుగుతూ బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పోయాడు. ఆ ప్రశ్నతోనే ఆయన చదువు మొదలైంది. 1931–32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసినది ఆయనే. ఆ రోజుల్లో పిట్టను గుర్తించాలంటే తుపాకీతో కొట్టి చర్మం దాచేవారు. ఇప్పుడు ఆ పని కెమెరా చేస్తుంది, పిట్ట బతికి ఉంటుంది.

ఇంకో సంగతి. కలివికోడి అనే రాత్రిపూట తిరిగే పిట్టను 1900 తర్వాత ఏ శాస్త్రవేత్తా చూడలేదు. ఇక లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా అడవిలో మళ్ళీ దొరికింది. దాన్ని పట్టి చూపించింది అక్కడి స్థానికుడే, పిట్టలు పట్టటం తెలిసినవాడు. పెద్ద చదువులు చదివినవాళ్ళకు దొరకనిది అడవి తెలిసిన కంటికి దొరికింది. ఆ కన్ను మన తాతలకు ఉంది, మనకూ ఉంది. కాని తాతలు పోతే వాళ్ళకు తెలిసిన పిట్టల పేర్లు కూడా పోతాయి. 

7. మన పని

(1) సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వనో తాతనో అడిగి పది పిట్టల పేర్లు మీ ఇంటి భాషలో, గోండి, కోయ, కొలామీ, లంబాడీ ఏదైనా, తెలుగు అక్షరాల్లో రాసుకుని రండి. ఆ పేరు ఎందుకు వచ్చిందో కూడా అడగండి.

(2) తరగతికి ఒక పిట్టల నోటుబుక్కు పెట్టండి. ఆదివారం ఆదివారం లెక్క రాయండి.

(3) ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పిట్టల్ని లెక్కపెడతారు. 2013 నుంచి మన దేశం కూడా చేరింది. బడి ఆవరణలో పావుగంట లెక్కపెట్టినా చాలు.

వార్డెన్ సార్లకు, మేడమ్‌లకు మనవి: ఆదివారం పొద్దున స్టడీ అవరులో ఒక గంట పిల్లల్ని గుట్ట దగ్గరికి తీసుకుపోండి. 1980 నుంచి హైదరాబాదులో పక్షుల్ని చూసేవాళ్ళ సంఘం నడుస్తోంది, ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ అంటారు. వాళ్ళ పత్రిక పేరు కూడా "పిట్టా"యే.

ప్రశ్నలు (జవాబులు రాసి గోడపత్రిక కింద అంటించండి)
1. వలస పిట్టలు రావటానికి అసలు కారణం ఏమి?
2. పిట్టను గుర్తుపట్టటానికి రంగు ఎందుకు చివర రాయాలి?
3. మీ ఊళ్ళో చలికాలంలోనే కనబడే పిట్ట ఏది? మీ భాషలో దాని పేరేమి?

మూడో ప్రశ్నకు జవాబు నాకు కూడా తెలియదు. మీరు రాస్తేనే తెలుస్తుంది.

– మీ పాత విద్యార్థి, అశోక్‌నగర్, హైదరాబాదు