ఫలకం ఎవరి హక్కూ కాదు

గుంటూరు జిల్లా నుంచి ఉద్యోగానికని శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాకు వచ్చి, ఇక్కడే ముసలివాణ్ణయ్యాను. క్రికెట్ చూసే వీలు లేని ఆ రోజుల్లో బేస్‌బాల్ అలవాటైంది. ఓక్లండ్‌లో కాన్సెకో, మెగ్వైర్‌ల ఆట చూశాను. తర్వాత శాన్ ఫ్రాన్సిస్కోలో బ్యారీ బాండ్స్‌ను చూశాను. స్టెరాయిడ్ల గొడవలో పేరు మోగిన బాల్కో అనే సంస్థ కూడా మా పక్కనే, బర్లింగేమ్‌లో ఉండేది. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల కోసం మనవాళ్ళు వెళ్ళే విమానాశ్రయానికి అది కూతవేటు దూరం. కండలు పెంచే ఆ స్టెరాయిడ్లతో పేరు ముడిపడ్డ ఆటగాళ్ళకు హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దక్కాలా అని మా ఇంట్లో కొడుకూ మనవడూ ఇప్పటికీ వాదించుకుంటారు. వాళ్ళిద్దరికీ చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. రికార్డు వేరు, గౌరవం వేరు

న్యూయార్క్ రాష్ట్రంలో కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊరుంది. అక్కడి హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఒక భాగం మ్యూజియం, ఇంకో భాగం కంచు ఫలకాల గది. మ్యూజియంలో ఆట చరిత్ర మంచీ చెడూ కలిపి ఉంటుంది. ఫలకాల గదిలో ఎన్నికైన వాళ్ళు మాత్రమే ఉంటారు. పదేళ్ళకు పైగా అనుభవమున్న బేస్‌బాల్ విలేకరులు ఓటు వేస్తారు, నూటికి 75 మంది ఒప్పుకోవాలి. ఎలా ఓటు వేయాలో చెప్పే నియమంలో ఆట నైపుణ్యంతో పాటు నిజాయితీ, క్రీడాస్ఫూర్తి, నడవడిక కూడా రాసి ఉన్నాయి.

బాండ్స్ కొట్టిన 762 హోమ్ రన్లను (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) ఎవరూ కొట్టివేయలేదు, పుస్తకాల్లో అలాగే ఉన్నాయి. 2007 ఆగస్టు 7న హ్యాంక్ ఏరన్ పాత రికార్డు 755ను దాటించిన ఆ 756వ బంతి కూపర్స్‌టౌన్ మ్యూజియంలోనే ఉంది. దాన్ని కొన్న ఫ్యాషన్ వ్యాపారి ఏం చేయాలో జనాన్ని ఓటు అడిగాడు. జనం చెప్పినట్టే బంతి మీద, ఈ రికార్డు అనుమానాస్పదమని తెలిపే నక్షత్రం గుర్తు కోయించి మ్యూజియానికి ఇచ్చాడు. అది ఉండాల్సిన చోటే ఉంది. చరిత్రను దాచమని నేననను. ఫలకం మాత్రం చరిత్ర చెప్పడానికి పెట్టేది కాదు, మెచ్చుకుని పెట్టేది. మెచ్చుకోమని ఎవరూ దబాయించలేరు.

2. "అప్పట్లో నిబంధన లేదు" అనే మాట నిజం కాదు

మా అబ్బాయి మొదటి వాదన ఇదే. డాక్టరు చీటీ లేకుండా అనబాలిక్ స్టెరాయిడ్లు దగ్గర ఉంచుకోవడాన్ని, అమ్మడాన్ని అమెరికా చట్టం 1990లోనే నేరం చేసింది. మరుసటి ఏడాది కమిషనర్ ఫే విన్సెంట్ అన్ని జట్లకూ మెమో పంపాడు, నిషేధం స్టెరాయిడ్లకూ వర్తిస్తుందని. అప్పట్లో లేనిది పరీక్ష. ఆటగాళ్ళ సంఘం ఒప్పుకోలేదు, యజమానులు పట్టుబట్టలేదు. పట్టుకునేవాడు లేకపోవడానికీ తప్పు కాకపోవడానికీ మధ్య తేడా పదేళ్ళ పిల్లవాడికి కూడా తెలుసు. తెలియకే కదా వాడారంటే నేనొప్పుకోను. తప్పని తెలియనివాడు దొంగచాటుగా సూది వేసుకోడు.

3. మందు ముట్టనివాడి నష్టం ఏ లెక్కలోనూ ఉండదు

ఈ విషయంలో అందరికన్నా తక్కువగా మాట్లాడేది వీళ్ళ గురించే. నాకు మాత్రం అసలు సంగతి ఇదే.

టెక్సస్ రేంజర్స్ జట్టులో రిక్ హెల్లింగ్ అనే పిచ్చర్ (బంతి వేసేవాడు) ఉండేవాడు. 1998లో 20 ఆటలు గెలిచాడు. ఆ చలికాలంలో ఆటగాళ్ళ సంఘం సమావేశంలో లేచి, స్టెరాయిడ్లు విపరీతంగా వ్యాపిస్తున్నాయని, వాడనివాళ్ళకు కూడా వాడక తప్పని పరిస్థితి వస్తోందని చెప్పాడు. ఆ ఏడాదే దేశమంతా మెగ్వైర్, సోసాల హోమ్ రన్ల పోటీ చూసి పండగ చేసుకుంది. అతని మాట ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత కూడా ఏటేటా చెబుతూనే వచ్చాడు.

2003లో మొదటిసారి పరీక్షలు పెట్టారు. పేర్లు బయటపెట్టరు, శిక్ష లేదు. నూటికి 5 కన్నా ఎక్కువ మంది దొరికితేనే ఆ తర్వాతి ఏడాది నుంచి అసలైన పరీక్షలు మొదలవుతాయని ఒప్పందం. అప్పుడు చికాగో వైట్ సాక్స్ ఆటగాళ్ళు కొందరు పరీక్షకు నిరాకరించాలని ఆలోచన చేశారు. నిరాకరిస్తే దొరికినట్టే లెక్క వేస్తారు, దొరికినవాళ్ళ సంఖ్య పెరిగితే పరీక్షలు ఖాయమవుతాయని వాళ్ళ ఆశ. ఆట శుభ్రపడుతుందంటే తమ మీద మచ్చ పడినా ఫర్వాలేదనుకున్న మనుషులు వీళ్ళు! చివరికి సంఘం వాళ్ళను ఆపింది. 5 శాతం ఎలాగూ దాటింది. అందరూ వాడారు కాబట్టి అందరూ సమానమేనని ఎవరైనా అంటే, నేను వీళ్ళనే గుర్తు చేస్తాను. అందరూ వాడలేదు. వాడనివాళ్ళు కేకలు వేశారు, వినేవాళ్ళు లేకపోయారు.

ఇంకో ఉదాహరణ. 1994లో ఫ్లోరిడాలోని ఫోర్ట్ మయర్స్ అనే చిన్న లీగ్ జట్టులో ఇంచుమించు ఒకే వయసు పిచ్చర్లు నలుగురున్నారు. అందరిదీ ఒకటే కల. వాళ్ళలో డాన్ నాల్టీ స్టెరాయిడ్లు వాడాడు. బంతి వేగం పెరిగింది, మేజర్ లీగ్‌కు చేరాడు. మిగతా ముగ్గురు చేరలేదు. ఆ సంగతి నాల్టీయే తర్వాత బాధపడుతూ చెప్పుకున్నాడు. ఇంటికి వెళ్ళిపోయిన ఆ ముగ్గురికి ఏ కమిటీ ఓటు వేస్తుంది?

పై మెట్టు మీద కూడా ఇదే జరిగింది. ఫ్రెడ్ మెక్‌గ్రిఫ్ 1989లో 36 హోమ్ రన్లతో అమెరికన్ లీగ్‌లో, 1992లో 35తో నేషనల్ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. అప్పటికి అవి పెద్ద అంకెలు. 1961లో రోజర్ మారిస్ పెట్టిన 61 హోమ్ రన్ల రికార్డు 37 ఏళ్ళు చెక్కుచెదరలేదు. 1998 నుంచి 2001 వరకు నాలుగు సీజన్లలో ముగ్గురే ముగ్గురు దాన్ని ఆరుసార్లు దాటేశారు. మెగ్వైర్ 70, 65. సోసా 66, 63, 64. బాండ్స్ 73. వాటి పక్కన మెక్‌గ్రిఫ్ 35లు చిన్నబోయాయి. మొత్తం 493 దగ్గర ఆగి, పదేళ్ళు విలేకరుల ఓటు కోసం నిరీక్షించి, ఒక్కసారీ 40 శాతం కూడా రాకుండా జాబితాలోంచి పోయాడు. 2022 డిసెంబరులో, విలేకరుల ఓటులో తప్పినవాళ్ళను మళ్ళీ పరిశీలించే కమిటీలో, మాజీ ఆటగాళ్ళు, జట్ల పెద్దలు ఉన్న 16 మందీ అతనికి ఓటు వేశారు. అదే రోజు అదే కమిటీలో బాండ్స్‌కు గానీ, మందుల ఆరోపణలున్న పిచ్చర్ రోజర్ క్లెమెన్స్‌కు గానీ 4 ఓట్లు కూడా రాలేదు. ఆ రాత్రి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

4. ప్రతిభ ఎక్కువైతే మాఫీ ఎక్కువ కాదు

బాండ్స్ లాంటి బ్యాటర్‌ను నేను మళ్ళీ చూడలేదు. చూస్తాననీ అనుకోను. 2004లో ప్రత్యర్థులు 232 సార్లు నడకలిచ్చారు (కొట్టే వీలు లేని బంతులు వేసి ఊరికే మొదటి బేస్‌కు పంపారు), అందులో 120 కావాలని ఇచ్చినవే. అతనికి బంతి వేయడమంటేనే భయం! 1998 నాటికే మూడుసార్లు ఎంవీపీ (ఆ ఏటి మేటి ఆటగాడు), 400 హోమ్ రన్లు, 400 దొంగిలించిన బేస్‌లు. అప్పుడు మానేసినా కూపర్స్‌టౌన్ ఖాయమని అందరూ అంటారు, నిజమే. శాన్ ఫ్రాన్సిస్కో క్రానికల్ విలేకరులిద్దరు తవ్వి తీసిన కథ ప్రకారం, మెగ్వైర్‌కు దక్కిన పేరు చూసి ఓర్వలేక ఆ తర్వాతే అతను మందుల వైపు వెళ్ళాడు. గ్రాండ్ జ్యూరీ ముందు బాండ్స్, తన శిక్షకుడు ఇచ్చినవి అవిసె నూనె, కీళ్ళనొప్పుల లేపనం అనుకున్నానని చెప్పినట్టు అదే పత్రిక బయటపెట్టింది. దర్యాప్తుకు అడ్డుపడ్డాడని 2011లో పడిన శిక్షను 2015లో పైకోర్టు కొట్టేసింది. క్లెమెన్స్ కూడా తన మీది కేసులో 2012లో నిర్దోషిగా బయటపడ్డాడు. జైలుకు పంపడానికి కావలసిన రుజువు వేరు, నెత్తిన పెట్టుకోవడానికి కావలసిన నమ్మకం వేరు.

మందు లేకుండానే చాలినంత గొప్పవాడు కాబట్టి క్షమించాలంటారు. నాకు అక్కడే కోపం వస్తుంది. ఫోర్ట్ మయర్స్ కుర్రాడు బతుకుతెరువు పోతుందన్న భయంతో వాడాడు. బాండ్స్‌కు ఏం తక్కువని? ఇద్దరిలో ఎవరినైనా క్షమించాల్సి వస్తే నేను కుర్రాణ్ణే క్షమిస్తాను.

5. పుకారు సాక్ష్యం కాదు

ఇక్కడ నేను, పుకారు పట్టుకుని ఎవరినీ ఆపకూడదనే మా మనవడి పక్షం. జెఫ్ బ్యాగ్‌వెల్ ఏడో ఏట, మైక్ పియాజ్జా నాలుగో ఏట ఎన్నికయ్యారు. ఇద్దరి పేర్లూ బేస్‌బాల్‌లో మందుల వాడకం మీద 2007 డిసెంబరులో వచ్చిన మిచెల్ దర్యాప్తు నివేదికలో లేవు. కండలు పెరిగాయి కాబట్టి వాడే ఉంటారని గుసగుసలు, అంతే. గుసగుసలతో మనిషి ఏళ్ళు తినేయడం అన్యాయం.

డేవిడ్ ఓర్టీజ్ సంగతి చిక్కైనది. పేర్లు బయటపెట్టబోమని మాట ఇచ్చి చేసిన ఆ 2003 పరీక్షల జాబితాలో అతని పేరుందని 2009లో పత్రికకెక్కింది. ఆ జాబితాలో కొన్ని ఫలితాలు నమ్మదగ్గవి కాకపోవచ్చని తర్వాత కమిషనర్ మాన్‌ఫ్రెడే చెప్పాడు. మాట తప్పి లాగిన కాగితంతో ఎవరినీ శిక్షించకూడదు, కాబట్టి ఓర్టీజ్ ఎన్నికను తప్పుపట్టను. అయితే 2022లో అతను మొదటి ఏడే 77.9 శాతంతో లోపలికి వెళ్ళాడు. చివరి అవకాశంలో ఉన్న బాండ్స్ 66 శాతం దగ్గర ఆగిపోయాడు. ఓర్టీజ్ అందరితో నవ్వుతూ మాట్లాడేవాడు, బాండ్స్ విలేకరులను కసురుకునేవాడు, ఓటు వేసేది విలేకరులు. ఇందులో స్వభావం చూసి వేసిన ఓట్లు ఉండే ఉంటాయి. అది నడవడిక తూకం కాదు, మొహమాటం తూకం.

నా గీత ఇది. శిక్షలు వచ్చాక పరీక్షలో దొరికినవాడు వద్దు. దర్యాప్తులో, వాంగ్మూలంలో బలమైన ఆధారం ఉన్నవాడు వద్దు. మిగతాదంతా చెవిన పడ్డ మాటే, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

6. కళ్ళు మూసుకున్నవాళ్ళకు ఫలకం ఇచ్చారు, అదీ తప్పే

1994 సమ్మెతో వరల్డ్ సిరీసే రద్దయింది. అలిగి వెళ్ళిపోయిన జనాన్ని 1998 హోమ్ రన్లు వెనక్కి తెచ్చాయి. ఆ ఆగస్టులో మెగ్వైర్ లాకర్‌లో ఆండ్రోస్టెన్‌డయోన్ అనే మందు సీసా ఉందని ఒక విలేకరి రాస్తే, రాసినవాణ్ణే తిట్టారు. అప్పటి కమిషనర్ బడ్ సీలిగ్ 2017లో హాల్‌లో చేరాడు. ఓక్లండ్‌లో కాన్సెకో, మెగ్వైర్‌లను నడిపించిన మేనేజర్ టోనీ లా రూసా 2014లోనే చేరాడు. ఈ రెండింటినీ నేను సమర్థించను. పై వాళ్ళకు ఇచ్చారు కాబట్టి ఆటగాళ్ళకూ ఇచ్చేయాలనే వాదాన్నీ సమర్థించను. దొంగల్లో యజమానికి శాలువా కప్పారని నౌకరుకూ కప్పుతామా?

7. ఇది పెద్దవాళ్ళ గొడవ మాత్రమే కాదు

2005 మార్చి 17న అమెరికా కాంగ్రెస్ కమిటీ విచారణ జరిగింది. పాల్మేరో అనే ఆటగాడు వేలు చూపించి, తానెప్పుడూ స్టెరాయిడ్లు వాడలేదన్నాడు. పరీక్షలో దొరికినందుకు ఆ ఆగస్టులోనే సస్పెండయ్యాడు. ఈ దృశ్యం అందరికీ గుర్తే. అదే రోజు అదే కమిటీ ముందు పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు కూడా మాట్లాడారు, వాళ్ళు ఎవరికీ గుర్తు లేరు. వాళ్ళలో ఒకాయనది టెక్సస్‌లోని ప్లేనో. డాలస్ పక్కన మన తెలుగు కుటుంబాలు గుట్టలుగా ఉండే ఆ ప్లేనోయే. ఆయన కొడుకు 17 ఏళ్ళ హైస్కూల్ పిచ్చర్. స్టెరాయిడ్లు వాడి, మానేశాక కుంగిపోయి, 2003లో ప్రాణం తీసుకున్నాడు. కారణం ఆ మందులేనని తల్లిదండ్రులు చెప్పారు.

మన పిల్లలు ఇప్పుడు హైస్కూల్ జట్లలో ఆడుతున్నారు. జిమ్ముకు వెళుతున్నారు, ఏవేవో పొడులు తాగుతున్నారు. చదువులో మార్కులు ఎలా వచ్చాయని అడిగే అమ్మానాన్నలు, నాలుగు నెలల్లో ఈ కండలు ఎలా వచ్చాయని కూడా అడగండి.

8. కాలం గడిచినంత మాత్రాన మాఫీ కాదు

2025 డిసెంబరులో కమిటీ మళ్ళీ కూర్చుంది. ఒకప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోలో బాండ్స్ పక్కనే ఆడిన జెఫ్ కెంట్‌ను ఎన్నుకుంది. బాండ్స్, క్లెమెన్స్‌లకు 5 ఓట్లు కూడా రాలేదు. కొత్త నియమం ప్రకారం 2028లో వాళ్ళ పేర్లు పరిశీలనకు రావు. 2031లో రావచ్చు. అప్పుడూ 5 ఓట్లు రాకపోతే ఇక ఎప్పటికీ రావు. కొందరికి ఇది క్రూరంగా కనిపిస్తుంది. నాకు కనిపించదు. క్లెమెన్స్ ఇప్పటికీ కాదనే అంటాడు, బాండ్స్ తెలిసి వాడానని ఏనాడూ ఒప్పుకోలేదు. మెగ్వైర్ 2010లో ఒప్పుకున్నాడు, ఆ ఒక్కటికీ అతనంటే నాకు గౌరవమే. ఆ గౌరవం నా మనసులో ఉంటే చాలు, కంచులో అక్కర్లేదు.

2031లో ఓటు వేసే ఆ 16 మందిలో రిక్ హెల్లింగ్ లాంటివాడు ఒక్కడైనా ఉండాలని నా కోరిక. సమావేశాల్లో ఏటేటా లేచి చెప్పినవాడికీ, చెప్పినా ఎవరూ వినక ఆ ఏళ్ళన్నీ పోగొట్టుకున్నవాడికీ ఆ ఓటు మీద హక్కుంది.