ఒకరి సమస్య, మరొకరి టికెట్టు

ప్రశ్న: మా కార్యాలయపు హెల్ప్‌డెస్క్‌కు అధికారుల తరఫున వారి సహాయకులు టికెట్లు పంపుచుందురు. మేము ఎవరితో మాట్లాడవలెను?

జవాబు: టికెట్టు పంపినవారును, ఇబ్బంది పడుచున్నవారును వేర్వేరు వ్యక్తులైనపుడు ఆ యిరువురి పేర్లను వేర్వేరుగా నమోదు చేయుటయే ప్రథమ కర్తవ్యము. సర్వీస్‌నౌ అను టికెట్ల సాఫ్ట్‌వేరులో సమస్య ఎవరిదో తెలుపు గడియు, టికెట్టును తెరచినదెవరో తెలుపు గడియు ప్రత్యేకముగా నున్నవి. జెన్‌డెస్క్‌లోను అట్టి భేదమే కలదు. దీనిని పాటింపనిచో మన ప్రశ్న అధికారిని చేరదు. తెరపై ఏ సందేశము కనబడినదో ఎరుగని సహాయకుడు ఊహించి బదులిచ్చును. తుదకు సమస్య తీరకయే టికెట్టు మూతపడును. కావున లక్షణములను అధికారినే అడిగి తెలిసికొని, పని ఎంతవరకు వచ్చినదో ఇరువురికిని తెలుపుడు.

పాస్‌వర్డు మార్పు, కొత్త ఫోనులో ధ్రువీకరణ యాప్ ఏర్పాటు వంటి కోరికల సంగతి వేరు. సహాయకుడెంత నమ్మకస్థుడైనను, ఎంత తొందరపెట్టినను, టికెట్టులో వ్రాసిన నంబరుకు గాక, సిబ్బంది వివరములలో ముందే యున్న నంబరుకు ఫోన్ చేసి, ఖాతాదారుని నోటనే అనుమతి వినక అడుగు వేయరాదు. ఇతరుల పేరు చెప్పి హెల్ప్‌డెస్క్‌ను నమ్మించి ఖాతాలను అపహరించు మోసగాండ్రు త్రొక్కు దారి ఇదియే గనుక, ఈ విషయమున నేను ఏ మినహాయింపును అంగీకరింపను. తాత్కాలిక పాస్‌వర్డును సైతము ఖాతాదారునికే చెప్పవలెను. సెలవులోనున్న ఉద్యోగి ఫైళ్లు కావలసివచ్చినచో పై యధికారి లిఖితానుమతిని టికెట్టుకు జతపరచుడు.